సైలెన్సర్ పొగ చెప్పే సంగతి



నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వైపు బయల్దేరితే నిజాంపేట దగ్గర 161వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా దాకా పోయే దారి అది. రాత్రనకా పగలనకా లారీలు నడుస్తూనే ఉంటాయి. పత్తి లోడుతో ముందు పోతున్న ఒక లారీని దాటాలని కారు డ్రైవర్ గేరు తగ్గించి యాక్సిలరేటర్ మొత్తం తొక్కుతాడు. బండి ఒక్క ఊపున ముందుకు పోతుంది. అప్పుడు వెనకద్దంలో చూసుకుంటే రోడ్డు కనబడదు, నల్లటి పొగ కనబడుతుంది. వెనక బైకు మీద భార్యాపిల్లలతో వస్తున్న మనిషి తల పక్కకు తిప్పుకుంటాడు. ఆయన భార్య కొంగు తీసి పిల్ల ముక్కుకు అడ్డం పెడుతుంది.

ఆ డ్రైవర్ మరునాడు నాలాంటి మెకానిక్ దగ్గరికి వస్తాడు. "అన్నా, మామూలుగ పోతే ఏం లేదు, గట్టిగ తొక్కితేనే పొగ కొడుతుంది" అంటాడు. నారాయణఖేడ్‌లో ఇన్నేళ్లు బండ్ల కింద పడుకుని పనిచేసిన నాకు ఈ మాట ఎన్నిసార్లు వినబడిందో లెక్క లేదు. తెలుగులో చెబుతారు, కన్నడంలో చెబుతారు, మరాఠీలో చెబుతారు, ఉర్దూలో చెబుతారు. మా ఊరు మూడు రాష్ట్రాల వాళ్లు కలిసే చోటు. భాష ఏదైనా అందరి గుండెల్లో ఉండే భయం ఒకటే: ఇంజన్ పోయిందా, దింపాలా, ఎన్ని వేలవుతుంది?

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ భయం గురించే. పొగ వచ్చిన ప్రతి బండికీ ఇంజన్ పోయినట్టు కాదు. పొగ ఒక లక్షణం. జ్వరం లాంటిది. జ్వరం వచ్చిందని వెంటనే ఆపరేషన్ చేయరు కదా. నాలుక చూస్తారు, కళ్లు చూస్తారు, ఎప్పటి నుంచి అని అడుగుతారు. పొగను కూడా అలాగే అడగాలి. నీ రంగేమిటి, వాసనేమిటి, ఎప్పుడు వస్తున్నావు, ఎంతసేపు ఉంటున్నావు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం రోగం తెలిసినట్టే. పానా పట్టుకోవడం ఆ తర్వాతి పని.

అసలు పొగ ఎందుకొస్తుందో తెలియాలంటే మన అమ్మమ్మల కట్టెల పొయ్యి దగ్గరికి పోవాలి. పొయ్యిలో కట్టెలు ఎక్కువ కుక్కితే ఏమవుతుంది? మంట తగ్గి, నల్లటి పొగ ఇల్లంతా కమ్ముతుంది. కట్టె ఉంది, నిప్పు ఉంది, గాలి చాలదు. అప్పుడు అమ్మమ్మ ఊదుగొట్టం తీసుకుని రెండుసార్లు గట్టిగా ఊదేది. మంట భగ్గున లేచేది, పొగ పోయేది. కట్టె అదే, పొయ్యి అదే, మారింది గాలి ఒక్కటే. లాంతరు సంగతీ అంతే. వత్తి మరీ పైకి తిప్పితే వెలుగు పెరగదు, చిమ్నీకి మసి పడుతుంది. అక్కడ నూనె ఎక్కువై గాలి చాలదు.

డీజిల్ ఇంజన్‌లో జరిగేదీ ఇదే. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో తన ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపించినప్పటి నుంచీ ఈ లెక్క మారలేదు. ఈ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని నొక్కి నొక్కి ఎర్రగా కాల్చినంత వేడి పుట్టిస్తుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చల్లుతుంది. అది దానంతట అదే అంటుకుంటుంది. తుంపర సన్నగా ఉండాలి, గాలి నిండుగా ఉండాలి, వేడి సరిపడా ఉండాలి. మూడింటిలో ఏది తగ్గినా కాలకుండా మిగిలింది పొగై బయటికి వస్తుంది.

మరి గట్టిగా తొక్కినప్పుడే ఎందుకు? మెల్లగా పోతున్నప్పుడు ఇంజన్‌కు కావలసిన డీజిల్ తక్కువ, గాలి పుష్కలం. చిన్న లోపం ఏదైనా ఉన్నా ఆ పుష్కలంలో కనబడదు. పెడల్ మొత్తం తొక్కగానే డీజిల్ ఒక్కసారిగా పెరుగుతుంది. గాలి అంత తొందరగా పెరగదు. గాలిని కుక్కే టర్బో ఉంది చూశారా, అది మన ఊదుగొట్టం. సైలెన్సర్ వైపు పోయే వేడి గాలితోనే అది తిరుగుతుంది. జోరు అందుకుంటే నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. కానీ ఆ జోరు అందుకోవడానికి దానికి ఒక క్షణం పడుతుంది. కట్టెలు కుక్కడం ముందు, ఊదడం తర్వాత. ఆ మధ్య క్షణంలో పొగ పుడుతుంది. అల్‌ఫ్రెడ్ బ్యూకీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లో టర్బోకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ క్షణం ఆలస్యాన్ని తగ్గించడానికి ఇంజనీర్లు ఆనాటి నుంచీ తంటాలు పడుతూనే ఉన్నారు.

అందుకే ముందుగా ధైర్యం చెప్పే మాట ఒకటి. పాత డీజిల్ బండి, అంటే పదేళ్లు దాటినది, గట్టిగా తొక్కగానే ఒక్క రెప్పపాటు నల్లటి పొగ విడిచి వెంటనే తేటపడితే కంగారు పడనక్కర్లేదు. నెల రోజులు ఊళ్లోనే, బజారు నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి తిరిగిన బండిని ఒకనాడు హైవే ఎక్కిస్తే, సైలెన్సర్‌లో పేరుకున్న మసి మొదటి రెండు మూడుసార్లు బయటికి వస్తుంది. తర్వాత ఆగుతుంది. తొక్కినంతసేపూ పొగ వస్తున్నా, నెలనెలా పెరుగుతున్నా, పొగతో పాటు పికప్ తగ్గినా, డీజిల్ ఎక్కువ తాగుతున్నా అప్పుడు వెతకాలి.

ఒక సంగతి చెబుతాను. ఒకనాడు కల్హేర్ వైపు నుంచి ఒక కుర్రాడు పాత డీజిల్ కారు తీసుకుని వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కిరాయికి తిప్పుకుంటాడు.

"అన్నా, గట్టిగ తొక్కితే నల్లగ పొగ ఇడుస్తుంది. లారీ దాటుదామంటె దమ్ము లేదు."

"ఎన్నాళ్లాయె తమ్మీ?"

"నెల అయితుంది. ఒక షెడ్డుల చూపించిన. బోర్ పోయింది, ఇంజన్ దింపాలె, డెబ్భై వేలయితది అన్నరు. నాతోని గాదన్నా."

ఆ కుర్రాడి ముఖం చూస్తే జాలేసింది. డెబ్భై వేలంటే అతనికి ఆరు నెలల కిస్తీ. బానెట్ ఎత్తమన్నాను. ముందు ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ సరిగ్గా గీత దగ్గరే ఉంది. "మధ్యలో ఆయిల్ పోసినవా?" అంటే లేదన్నాడు. ఆయిల్ తాగని ఇంజన్‌కు బోర్, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, ఎట్లా పోతుంది? ఇంజన్ స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తిప్పి తీశాను. బోర్ పోయిన ఇంజన్ అయితే అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ కొడుతుంది. దాన్నే మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఇక్కడ కొద్దిగా ఆవిరి తప్ప ఏమీ లేదు. అంటే రోగం ఇంజన్ కడుపులో లేదు.

ఇక గాలి వచ్చే దారి పట్టుకున్నాను. ఫిల్టర్ డబ్బా నుంచి టర్బో దాకా, టర్బో నుంచి ముందున్న, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాకా, అక్కడి నుంచి ఇంజన్ దాకా రబ్బరు పైపు పొడవునా వేలితో తడుముతూ పోయాను. ఇంటర్‌కూలర్ దాటిన తర్వాత పైపు వంపు కింద నా వేలికి జిడ్డు తగిలింది. టార్చి వేసి చూస్తే ఆ జిడ్డుకు దుమ్ము అంటి నల్లటి మచ్చగా ఉంది. ఆ మచ్చ మధ్యలో సన్నటి చీలిక, చిటికెన వేలి గోరంత. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అది మూసుకునే ఉంది. కుర్రాణ్ణి రేస్ చేయమన్నాను. పైపు ఉబ్బింది, చీలిక పెదవుల్లా తెరుచుకుంది, బుస్సుమని గాలి నా మణికట్టుకు కొట్టింది. పెడల్ వదలగానే మళ్లీ మూసుకుంది.

చూశారా, మామూలుగా పోతే పొగ ఎందుకు లేదో, గట్టిగా తొక్కితేనే ఎందుకు వస్తోందో ఆ చీలిక చెప్పేసింది. లోపలికి ఎంత గాలి వస్తోందో కొలిచే సెన్సర్ ఫిల్టర్ దగ్గర ఉంటుంది. అది కొలిచిన గాలికి తగ్గట్టు కంప్యూటర్ డీజిల్ పోస్తుంది. ఆ గాలి మధ్యదారిలోనే చీలిక నుంచి బయటికి పోతుంటే డీజిల్ మాత్రం పూర్తిగా వచ్చి పడుతోంది. కట్టెలు నిండుగా ఉన్నాయి, ఊదుగొట్టానికి చిల్లు పడింది. పైపు మార్చాం, రెండు క్లిప్పులు బిగించాం. నిజాంపేట దాకా పోయి వచ్చాం. పొగ లేదు. కుర్రాడు బండి దిగి, ఏమీ మాట్లాడకుండా సైలెన్సర్ దగ్గర నిలబడి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆ పైపు ఖరీదు ఇంజన్ పని ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. అందుకే నేను కుర్ర మెకానిక్‌లకు చెప్పేది ఇదే. చౌకైన దాంతో మొదలుపెట్టి ఖరీదైన దాని దగ్గరికి పోవాలి. బయట నుంచి లోపలికి పోవాలి. ఇంజన్ విప్పడం చిట్టచివరి మెట్టు.

నల్లటి పొగకు ఆ వరుస ఇలా ఉంటుంది. మొదటిది ఎయిర్ ఫిల్టర్. మా ప్రాంతంలో పత్తి, కంది, సోయా చేలకు పోయే బాటలన్నీ దుమ్మే. పంట కోతల కాలంలో చేను గట్టు దాకా పోయి వచ్చే కారుకు ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. కంపెనీ పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లని రాసి ఉన్నా, మన బాటలకు ఆ లెక్క సరిపోదు. ఫిల్టర్ తీసి ఎండకు ఎదురుగా పట్టండి. వెలుతురు కనబడకపోతే మార్చండి. కొత్త ఫిల్టర్ పెట్టాక పొగ తగ్గిందా చూడండి. ఫిల్టర్ లేకుండా నడిపి చూద్దామని మాత్రం అనుకోవద్దు. ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. అప్పుడు నిజంగానే ఇంజన్ దింపాల్సి వస్తుంది.

రెండోది, ఇందాక చెప్పిన రబ్బరు పైపులు, వాటి క్లిప్పులు. మూడోది గాలి కొలిచే సెన్సర్. దాని మీద దుమ్మో జిడ్డో పడితే తప్పు లెక్క చెబుతుంది. దానికోసమే దొరికే స్ప్రేతో శుభ్రం చేయొచ్చు, గుడ్డ పెట్టి తుడవకూడదు. నాలుగోది ఈజీఆర్ వాల్వ్. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే తలుపు అది. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే, గట్టిగా తొక్కినప్పుడు మంచి గాలి రావలసిన చోట పాత పొగే వస్తుంది. ఐదోది టర్బో. దాని రెక్కలు మసితో బిగుసుకుంటే సమయానికి ఊదదు. ఆ తర్వాత నాజిళ్లు. నాజిల్ అరిగితే తుంపర పోయి చుక్కలు పడతాయి. చుక్క పైపైన కాలుతుంది, లోపల మసే మిగులుతుంది. నాజిల్ పరీక్షకు దాని మిషన్ ఉన్న చోటికే పంపాలి. కంటితో చూసి చెప్పేది కాదు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే వీటన్నిటికంటే ముందు స్కానర్ పెట్టి కోడ్ చదవండి. స్కానర్ జవాబు చెప్పదు, ఏ వీధిలో వెతకాలో చెబుతుంది. ఇంటి నంబరు మనమే పట్టుకోవాలి.

ఇక్కడ ఒక బాధ కూడా చెప్పుకోవాలి. పాత రకం పంపు ఉన్న జీపులకు, ట్రాక్టర్లకు "పంపు పెంచమని" అడుగుతారు. స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పోతుంది, బండి దమ్ముగా లాగుతుందని నమ్మకం. నల్లటి పొగ కొడితే బలమైన బండి అని కొందరు మురిసిపోతారు కూడా. ఆ నలుపంతా కాలని డీజిల్. మీరు బంకులో డబ్బు పోసి కొన్నది, పని చేయకుండానే సైలెన్సర్ నుంచి గాలిలో కలిసిపోతోంది. పైగా ఆ అదనపు వేడికి పిస్టన్ తల కరిగిపోవచ్చు. స్క్రూ తిప్పమని నా దగ్గరికి వచ్చినవాళ్లను నేను వెనక్కి పంపాను. కోపం తెచ్చుకున్నా పంపాను.

ఇప్పుడు నీలం పొగ. దీన్ని కంటితో కంటే ముక్కుతో తొందరగా పట్టుకోవచ్చు. పోపు మాడినప్పుడు వంటింట్లో వచ్చే ఘాటు ఉంటుంది చూడండి, నూనె మాడిన వాసన, అలాంటిదే. ఇక్కడ మాడుతున్నది ఇంజన్ ఆయిల్. నీలం పొగ ఏ సమయంలో వస్తుందో గమనించడం చాలా ముఖ్యం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే, రాత్రంతా వాల్వ్ సీళ్ల నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కిందికి జారిందని అర్థం. దిగుడు రోడ్డు మీద పెడల్ వదిలేసి వచ్చి, కింద మళ్లీ తొక్కగానే గుప్పుమంటే అది కూడా ఎక్కువగా వాల్వ్ సీళ్లే, గైడ్లే. అట్లా కాకుండా గట్టిగా తొక్కినంతసేపూ, బీదర్ వైపు ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నీలంగా వస్తూనే ఉంటే, రింగులు అరిగి ఉండవచ్చు, లేదా టర్బో లోపలి సీలు పోయి ఉండవచ్చు.

రింగులా, టర్బోనా? దీనికీ ఇంజన్ విప్పక్కర్లేదు. ఇందాకటిలా ఆయిల్ మూత తీసి చూడండి. బ్యాక్ కంప్రెషన్ గట్టిగా కొడితే రింగుల మీద అనుమానం. సిలిండర్ ఒక్కొక్కదానికీ కంప్రెషన్ గేజ్ పెట్టి కొలిస్తే తేలిపోతుంది. బ్యాక్ కంప్రెషన్ లేదు, కానీ టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే పైపు లోపల ఆయిల్ నిలిచి కారుతోంది అంటే టర్బోను చూడాలి. కొద్దిగా జిడ్డు ఉండడం మామూలే, నిలవ ఉంటేనే లోపం. మరో మాట. సర్వీసింగ్‌లో ఆయిల్ గీత దాటి ఎక్కువ పోసినా నీలం పొగ వస్తుంది. వేలకు వేలు ఖర్చు పెట్టే ముందు పుల్ల తీసి గీత చూడండి. నేను చూసిన నీలం పొగల్లో కొన్ని అర లీటరు ఆయిల్ బయటికి తీస్తే నయమైనవే.

మూడోది తెల్ల పొగ. చలికాలం పొద్దున మా మంజీర ఒడ్డున ఏ బండి స్టార్ట్ చేసినా తెల్లటి ఆవిరి వస్తుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. చల్లటి సైలెన్సర్‌లో అది చిక్కబడి కనబడుతుంది. ఇంజన్ వేడెక్కగానే మాయమైపోతుంది. దానికి భయం లేదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తర్వాత, గట్టిగా తొక్కినప్పుడు మబ్బులా తెల్ల పొగ వస్తుంటే, వాసన తియ్యగా ఉంటే, అది కూలెంట్. హెడ్ గ్యాస్కెట్ దగ్గర దారి చేసుకుని సిలిండర్‌లోకి పోతోంది. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోందా, ఇంజన్ ఆన్‌లో ఉంటే డబ్బాలో బుడగలు వస్తున్నాయా, ఆయిల్ మూత కింద పాల మీగడ లాంటి తెట్టె ఉందా చూడండి. తెట్టె ఒక్కటే ఉంటే చలికాలపు తేమ కూడా కావచ్చు. రెండు మూడు గుర్తులు కలిస్తే బండి నడపకండి, లాగించుకుని పోండి. రేడియేటర్ మూత వేడి మీద తీయకండి. లోపలి మరిగే నీరు ఒక్క ఉదుటున ముఖం మీదికి వస్తుంది. తెల్ల పొగ కళ్లు మండిస్తూ, డీజిల్ వాసన కొడుతుంటే మాత్రం అది నీరు కాదు, అంటుకోకుండానే బయటికి వచ్చిన డీజిల్. నాజిల్, టైమింగ్, కంప్రెషన్ చూసుకోవాలి.

రంగు తేల్చుకోవడం కష్టమైతే ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక తెల్లటి పాత గుడ్డను పొడవాటి కర్రకు కట్టి, ఇంజన్ వేడెక్కాక సైలెన్సర్ నోటికి ఒక జానెడు దూరంలో పట్టుకుని, ఒకరిని రెండుసార్లు రేస్ చేయమనండి. పొడి నల్లటి మసి పడి, దులిపితే రాలిపోతే అది డీజిల్ మసి. జిడ్డు చుక్కలు పడి వేళ్ల మధ్య జారుతుంటే ఆయిల్. తడి పడి ఆరిపోతే నీరు. ఈ పని ఆరుబయటే చేయండి. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడపొద్దు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోకి జార్చి ప్రాణం తీస్తుంది. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. వెనక పిల్లలను నిలబడనివ్వొద్దు.

పెట్రోలు కారు నల్లగా పొగ విడిస్తే లెక్క కొంచెం వేరు. అక్కడ ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అన్నది తూకం. సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఆ తూకాన్ని చూస్తుంటుంది. అది పాడైనా, ఇంజెక్టర్ కారినా, పెట్రోలు ఎక్కువై నల్లబడుతుంది. ప్లగ్గులు విప్పి చూస్తే కాటుక పట్టినట్టు ఉంటాయి. అట్లాగే నడిపితే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. దాని ఖర్చు ముందు సెన్సర్ ఖర్చు ఎంత?

కొత్త డీజిల్ బండ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు సరిపోయే బండ్లే అమ్మాలన్న నియమం వచ్చింది. డీజిల్ కారు కిలోమీటరుకు విడిచే మసి కణాల హద్దు బీఎస్-4లో 25 మిల్లీగ్రాములు ఉండేది, బీఎస్-6లో 4.5 మిల్లీగ్రాములకు దిగింది. డీజిల్‌లో గంధకం కూడా 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గించారు, పది లక్షల పాళ్లలో. ఈ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందుకని బీఎస్-6 డీజిల్ కారు ఎంత గట్టిగా తొక్కినా నల్లటి పొగ కనబడనే కూడదు. కనబడిందంటే జల్లెడ పగిలింది, లేదా ఎవరో దాన్ని తీసేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు సైలెన్సర్ కొసలో వేలు పెట్టి చూడండి. మసి అంటితే ఆలోచించి కొనండి. ఆ జల్లెడ పట్టిన మసి సుమారు 600 డిగ్రీల వేడిలో బూడిదైపోవాలి. ఊళ్లోనే తిరిగే బండికి అంత వేడి పుట్టదు. డీపీఎఫ్ లైటు వెలిగితే, బండి పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి. లైటును లెక్కచేయకుండా నెలలు గడిపితే జల్లెడ మూసుకుపోతుంది, బండి నడవదు.

చాలామంది అడుగుతారు, "నా దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా" అని. డీజిల్ బండికి ఆ పరీక్ష చేసే తీరు ఎప్పుడైనా నిలబడి చూశారా? ఇంజన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో పెట్టి, పెడల్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కుతారు. సైలెన్సర్‌లో పెట్టిన గొట్టం ఆ పొగను మిషన్‌లోకి తీసుకుంటుంది. పొగ గుండా వెలుతురు ఎంత ఆగిపోయిందో మిషన్ కొలుస్తుంది. అంటే మనం ఇంతసేపు మాట్లాడుకున్న పరీక్షే అది. బీఎస్-4 డీజిల్ బండికి ఆ అంకె 1.62 దాటకూడదు, అంతకు ముందటి బండ్లకు 2.45 దాటకూడదు. సర్టిఫికెట్‌తో పాటు ఆ అంకెను కూడా చూసుకోండి. పోయినసారి 0.9, ఈసారి 1.4 అని ఉంటే పాస్ అయినా, ఇంజన్ మీకు ఉత్తరం రాస్తున్నట్టే. పెడల్ తొక్కకుండా చిటికెలో కాగితం ఇచ్చే చోటికి పోతే ఆ ఉత్తరం మీకు అందదు. పెట్రోలు బండికి చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల పాళ్లే. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే నీలం పొగను ఆ పరీక్ష పట్టుకోకపోవచ్చు. అది మీరే కనిపెట్టాలి.

ఒక ప్రమాదం గురించి తప్పకుండా చెప్పాలి. టర్బో సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ నడవడం మొదలుపెడుతుంది. పొగ మేఘంలా వస్తుంది, శబ్దం పెరుగుతూనే ఉంటుంది, తాళం తిప్పినా ఇంజన్ ఆగదు. ఆ సమయంలో మెదడు పనిచేయదు, అందుకే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. గేర్లు చేతితో మార్చే బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి క్లచ్ వదలండి. ఆ భారం లాగలేక ఇంజన్ ఆగుతుంది. అది కుదరకపోతే అందరినీ దింపి దూరంగా తీసుకుపోండి. ఇంజన్ మీదికి వంగి చేతులు పెట్టకండి. నీలం పొగను ఆర్నెల్లు చూసీచూడనట్టు వదిలేస్తే వచ్చే ముప్పు ఇది.

మా ప్రాంతానికి ఇంజన్లు కొత్త కాదు. పక్కనే ఉన్న జహీరాబాద్‌లో 1980 దశకంలోనే ఆల్విన్ నిస్సాన్ వాళ్లు చిన్న లారీలు తయారుచేశారు. తర్వాత ఆ కంపెనీ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారై ఊరూరికీ పోతున్నాయి. బండి తయారుచేసే చేతులు మన జిల్లాలోనే ఉన్నాయి. ఆ బండి పొగను చదివే కళ్లు కూడా ప్రతి ఊళ్లో ఉండాలని నా కోరిక.

ఎందుకంటే ఈ పొగ మన జేబుకే కాదు, ఊపిరికీ సంబంధించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. మసి కణాలు ఎంత సన్నవంటే ముక్కు వాటిని ఆపలేదు, ఊపిరితిత్తుల అట్టడుగుకు పోతాయి. అద్దాలు ఎక్కించుకుని ఏసీలో కూర్చున్న డ్రైవర్‌కు ఆ పొగ తగలదు. వెనక బైకు మీద ఉన్న పిల్లకు తగులుతుంది. రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చి అమ్ముకునే అవ్వకు తగులుతుంది. బస్సు కోసం నిలబడ్డ బడి పిల్లలకు తగులుతుంది. వాళ్లెవరూ మన బండిలో ఎక్కినవాళ్లు కారు, మన డీజిల్ ఖర్చు పంచుకున్నవాళ్లు కారు.

శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం పొద్దున మీ కారు బానెట్ ఎత్తండి. ఆయిల్ గేజ్ పుల్ల తీసి గీత చూడండి. కూలెంట్ మట్టం చూడండి. ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇంకొకరితో బండి నడిపించి, ఒక్కసారి గట్టిగా తొక్కమని, మీరు పక్కన దూరంగా నిలబడి పొగ రంగు చూడండి. చూసింది తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. మెకానిక్ దగ్గరికి పోతే "పొగ వస్తుంది" అని ఊరుకోకుండా, ఏ రంగు, ఏ వాసన, ఎప్పుడు, ఎంతసేపు అన్నది చెప్పండి. ఇంజన్ దింపాలని ఎవరన్నా అంటే, ఏ పరీక్ష చేసి ఆ మాట అంటున్నారో అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, పుల్ల తీసి చూపించి చెబుతాడు.